పాత టేకు బల్లకి చీమకుర్తి రాయి

ఒంగోలులో పాత సామాన్ల కొట్లో టేకు కాళ్ల బల్ల దొరికింది. పై పలక మాత్రం మామిడి చెక్క, చెదలు తినేశాయి. కాళ్లని స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూశా, దిగలేదు. కొత్త టేకు పలక వేయిస్తే బల్ల కన్నా దానికే ఎక్కువ అవుతుంది. పక్కనే గ్రానైట్ గనుల చీమకుర్తి ఉండగా చెక్కే ఎందుకు?

కోతలో మిగిలిన బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ముక్క తెచ్చి అంచులు గుండ్రంగా చేయించాను. నల్లరాయిలో ఆ బంగారు చుక్కల ముందు షోరూం బల్లలు దిగదుడుపే (నా లెక్కలో లెండి). 20 మిల్లీమీటర్ల మందమైతే చదరపు అడుగు 5 కిలోల పైనే తూగుతుంది. అందుకని ముందు వదులైన అతుకుల్లో పాత జిగురు గీకేసి, ఫెవికాల్ పెట్టి, తాడుతో బిగించి రాత్రంతా వదిలేశాను.

పాత పెయింట్‌ని 80, 120, 220 నంబర్ల ఉప్పుకాగితంతో వరసగా రుద్ది, డబుల్ బాయిల్డ్ అవిసె నూనె పట్టించాను. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట ఆరేయాలి.

రాయిని సిమెంట్‌తో అతికించొద్దు. వానలకి చెక్క ఉబ్బుతుంది, ఎండలకి ముడుచుకుంటుంది. అక్కడక్కడా సిలికాన్ చుక్కలు చాలు. ఇల్లు మారేటప్పుడు సన్న తీగతో ఆ సిలికాన్‌ని కోసి రాయిని విడిగా మోసుకెళ్లొచ్చు.