అసమీకరణాల మీద డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు ఎలా చేయాలి?

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండల నుంచి ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష) రాసేవాళ్లలో బీకాం, బీఏ పిల్లలూ ఉంటారు. లెక్కలు పదో తరగతితోనే వదిలేశామని వాళ్లకు టెన్షన్. డేటా సఫిషియెన్సీ అంటే ఒక ప్రశ్న, దానికింద రెండు వాక్యాలు ఇచ్చి, జవాబు తేల్చడానికి ఆ సమాచారం సరిపోతుందా అని అడగడం. ఈ ప్రశ్నలకు ఆ పదో తరగతి బీజగణితమే చాలు. ఐసెట్‌లో డేటా సఫిషియెన్సీకి 20 ప్రశ్నలుంటాయి, వదులుకోవద్దు. 2025లో ఆ పరీక్ష నిర్వహించింది మన మహాత్మా గాంధీ యూనివర్సిటీయే.

ముందు ప్రశ్న ఏమడుగుతోందో చూడండి. ‘ఎక్స్ > 5 అవుతుందా?’ అంటే ఎక్స్ విలువ కనుక్కోనక్కర్లేదు. అవునో కాదో ఖాయంగా తేలితే చాలు. ఎక్స్ < 3 అని ఇచ్చారనుకోండి, జవాబు ఖాయంగా ‘కాదు’. అంటే సమాచారం సరిపోయినట్టే. ‘కాదు’ రాగానే ‘సరిపోదు’ అని పెట్టేయడం వల్ల పోయే మార్కులు చాలా ఎక్కువ.

తర్వాత గుర్తు సంగతి. ఎక్స్² > ఎక్స్ అని ఉంటే రెండువైపులా ఎక్స్‌తో భాగించి ఎక్స్ > 1 అని రాయకండి. ఎక్స్ ఋణసంఖ్య అయితే అసమీకరణం గుర్తు తిరగబడుతుంది. అన్నీ ఒకవైపుకు తెచ్చి కారణాంకాలు చేయండి: ఎక్స్(ఎక్స్ − 1) > 0. అంటే ఎక్స్ > 1, లేదా ఎక్స్ < 0.

ఇప్పుడొక పూర్తి లెక్క. ‘ఎక్స్ > వై అవుతుందా?’
ఒకటో వాక్యం: ఎక్స్² > వై².
రెండో వాక్యం: ఎక్స్ + వై > 0.

ఒకటో వాక్యాన్నే తీసుకుని ఎక్స్, వైలకు వరసగా సంఖ్యలు వేయండి. 3, 2 వేస్తే అవును. −3, 2 వేస్తే కాదు. రెండు జవాబులు వచ్చాయి కాబట్టి ఇది చాలదు. దాన్ని పూర్తిగా పక్కనపెట్టి రెండోదానికి రండి. 3, 2 వేస్తే అవును, 2, 3 వేస్తే కాదు. ఇదీ చాలదు. ఇక రెండూ కలపాలి. ఒకటో వాక్యం అంటే (ఎక్స్ − వై)(ఎక్స్ + వై) > 0. ఇందులో ఎక్స్ + వై ధనమని రెండోది చెబుతోంది, కాబట్టి ఎక్స్ − వై కూడా ధనమే. రెండూ కలిస్తే సరిపోతాయి.

ఇక్కడొకటి గట్టిగా పట్టుకోవాలి. సంఖ్యలు వేసి ‘చాలదు’ అని తేల్చవచ్చు, ‘చాలు’ అని తేల్చలేం. పది సంఖ్యలకు ఒకే జవాబు వచ్చినా పదకొండోది తిరగబడొచ్చు. ‘చాలు’ అనాలంటే పైన చేసినట్టు బీజగణితంతోనే చూపాలి.

వేసే సంఖ్యలు కూడా 2, 3 దగ్గరే ఆగిపోవద్దు. −2, −1/2, 0, 1/2 కూడా వేయండి. పూర్ణసంఖ్య అని ప్రశ్నలో ఉందో లేదో చూసుకోండి. 3 < ఎక్స్ < 5 అన్నప్పుడు పూర్ణసంఖ్యయితే 4 ఒక్కటే, ఆ మాట లేకపోతే 4.2 కూడా కావచ్చు.

ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 150 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. నెగటివ్ మార్కులు లేవు. ఒక్కో వాక్యం విడిగా చాలదని తేలాక, కలిపి చూసే టైం లేకపోతే మిగిలిన రెండు ఆప్షన్లలో (‘రెండూ కలిస్తే చాలు’, ‘రెండూ కలిసినా చాలదు’) ఒకటి పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి.