డ్రోన్ వీడియో పాఠాలు - 4: క్లయింటుకు ఏ కోడెక్‌లో పంపాలి?

కిందటి పాఠంలో షటర్ వేగం, ఎన్‌డీ ఫిల్టర్ల సంగతి చూశాం. ఇప్పుడు ఎడిటింగ్ కూడా పూర్తయింది, వీడియో పంపడమే మిగిలింది అనుకుందాం. చాలామంది ఇక్కడ డ్రోన్ ఏ కోడెక్‌లో (అంటే వీడియోను కుదించి దాచే పద్ధతిలో) రికార్డు చేసిందో అదే కోడెక్‌లో పంపేస్తారు. డ్రోన్‌కు కావలసింది మెమరీ కార్డులో చోటు ఆదా కావడం. క్లయింటుకు కావలసింది నొక్కగానే బొమ్మ కదలడం. అందుకే ముందు అడగవలసిన ప్రశ్న: ఆయన దీన్ని దేంట్లో చూస్తారు?

ఒక చిక్కు ముందే విప్పుకుందాం. ఎంపీ4 అనేది కోడెక్ కాదు, వీడియోనూ ఆడియోనూ కలిపి ఉంచే కంటైనర్ మాత్రమే. దాని లోపల హెచ్.264 అనే కోడెక్ ఉండవచ్చు, హెచ్.265 ఉండవచ్చు. ఫైలు పేరు చూస్తే తేడా తెలియదు. కనుక క్లయింటు "ఎంపీ4 పంపండి చాలు" అంటే సగం సమాచారమే ఇచ్చినట్టు.

ఇలాంటి కోడెక్ ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. ముందు ఫ్రేములో ఉన్న ముక్క ఎటు జరిగిందో, ఏం మారిందో రాసుకుంటుంది. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషి వీడియోలో వెనుక గోడ మారదు కాబట్టి పని తేలిక. డ్రోన్ మామిడి తోట మీదుగా ముందుకు సాగితే ఫ్రేములో కదలని చోటంటూ ఉండదు. పైగా ఆకులు, నీటి అలలు, వరి చేను, అన్నీ సన్నని వివరాలే. బిట్‌రేట్, అంటే ఒక్కో సెకను వీడియోకు వాడే డేటా, చాలకపోతే ఆకులు ముందు ముద్దగా మారి, తరువాత గళ్లు గళ్లుగా విడిపోతాయి. పెళ్లి హాలు వీడియోకు సరిపోయిన బిట్‌రేట్ తోట వీడియోకు సరిపోదు.

హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది. పాత ల్యాప్‌టాప్, చవక ఫోను, టీవీకి గుచ్చిన పెన్‌డ్రైవ్, బ్రౌజరు, ఎక్కడైనా దాదాపుగా ఆడుతుంది. 2013 నాటి హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, అదే నాణ్యతను ఇంచుమించు సగం పరిమాణంలో ఇవ్వగలదు. కానీ చాలా విండోస్ కంప్యూటర్లలో దానికోసం ప్రత్యేక ఎక్స్‌టెన్షన్ కావాలి, అది కొనుక్కోమని ప్లేయరే అడుగుతుంది. పాట వినిపిస్తూ తెర నల్లగా ఉందని ఫోను వస్తే మొదట అనుమానించవలసింది దీన్నే. 2018లో వచ్చిన ఏవీ1 పరిమాణంలో ఇంకా పొదుపరి. దాన్ని యూట్యూబ్‌కు వదిలేయండి, క్లయింటు చేతికి నేరుగా ఇచ్చే రోజు ఇంకా రాలేదని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. రియల్ ఎస్టేట్ వెంచరు మీద మూడు నిమిషాల 4కె వీడియో. డ్రోన్ ఇచ్చే సెకనుకు 100 మెగాబిట్ల బిట్‌రేట్‌నే ఎడిటింగ్ తరువాత కూడా ఉంచితే సెకనుకు 12.5 ఎంబీ, మొత్తం 2.25 జీబీ. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపినా 2 జీబీ పరిమితి దాటిపోయింది. అదే వీడియో 1080పీలో, హెచ్.264లో, 12 మెగాబిట్లకు తెస్తే 270 ఎంబీ. ప్లాట్లు కొనేవాళ్లు ఫోనులో చూసేందుకు ఇది చాలు. దీన్ని కూడా డాక్యుమెంటుగానే పంపండి. మామూలు వీడియోగా పంపితే వాట్సాప్ మళ్లీ కుదించి మీ కష్టమంతా నీళ్లపాలు చేస్తుంది.

క్లయింటు స్వయంగా యూట్యూబ్‌లో పెట్టేటట్టయితే 4కె ఫైలే ఇవ్వండి. 30 ఫ్రేముల 4కెకు యూట్యూబ్ సూచన 35 నుంచి 45 మెగాబిట్లు. తోటలు, చెరువులు ఉంటే అంతకన్నా ఎక్కువే ఉంచుతాను. అవతలి వ్యక్తి ఎడిటరయితే వ్యవహారం వేరు: కార్డులోని అసలు ఫైళ్లు తాకకుండా ఇవ్వాలి, లేదా వారు అడిగితే ప్రోరెస్ 422, అంటే తక్కువగా కుదించే, ఎడిటింగ్ కోసం వాడే కోడెక్. 30 ఫ్రేముల 4కెలో ఇది నిమిషానికి 4 జీబీ దాటుతుంది, హార్డ్‌డిస్కు సిద్ధంగా పెట్టుకోమనండి.

ఇక చేతిపని. వీడియోను ఒక కోడెక్ నుంచి మరో కోడెక్‌కు మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఫార్మాట్ ఎంపీ4 పెట్టి, వెబ్ ఆప్టిమైజ్డ్ గడిలో టిక్కు పెట్టండి, డౌన్‌లోడ్ పూర్తికాకముందే ఆడడం మొదలవుతుంది. ఎన్‌కోడర్ జాబితాలో హెచ్.264 పక్కనే 10-బిట్ హెచ్.264 అని మరొకటి ఉంటుంది. అది ఎంచుకుంటే చాలా ఫోనుల్లో, టీవీల్లో ఆడదు, జాగ్రత్త. ఫ్రేమ్ రేటు మూలంలో ఉన్నట్టే, కాన్‌స్టంట్. నాణ్యతను నిర్ణయించే ఆర్‌ఎఫ్ అంకె 20, ఆకులు ఎక్కువుంటే 18. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యతా పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది.

తయారైన ఫైలును వీఎల్‌సీ ప్లేయరులో పరీక్షించకండి. అది దాదాపు దేన్నైనా ఆడిస్తుంది కాబట్టి పరీక్షే కాదు. విండోస్‌తో వచ్చిన ప్లేయరులో, ఒక పాత ఆండ్రాయిడ్ ఫోనులో తెరిచి చూడండి.

అభ్యాసం: చెట్ల మీదుగా తీసిన 20 సెకన్ల ముక్క ఒకటి తీసుకోండి. 8 మెగాబిట్ల సగటు బిట్‌రేట్‌తో ఒకసారి హెచ్.264లో, మరోసారి హెచ్.265లో మార్చండి. రెండింటినీ పెద్ద తెర మీద నడిపి, ఫ్రేము అంచుల్లోని ఆకులను చూడండి. వచ్చే పాఠంలో 10-బిట్ లాగ్ ఫుటేజీకి (రంగులు కావాలనే చప్పగా ఉండేలా రికార్డు చేసిన వీడియోకు) రంగులు దిద్దడం మొదలుపెడదాం. ఈ రెండు ఫైళ్లూ అప్పటికి దగ్గర ఉంచుకోండి.