హైదరాబాద్‌కు విమానమా, రైలా?

కోనసీమ నుంచి హైదరాబాద్ వెళ్లేవారు విమానం టికెట్ మీద ఉన్న ఆ ఒక్క గంటను చూసి మురిసిపోకండి. ఇంటి గడప నుంచి లెక్కేయండి. అమలాపురం నుంచి రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయానికి రోడ్డు ప్రయాణం, తనిఖీలు, నిరీక్షణ, శంషాబాద్‌లో దిగాక మళ్లీ ఊళ్లోకి కారు; అంతా కలిపితే సగం రోజు హరించుకుపోతుంది. వందేభారత్‌కూ రాజమండ్రి నుంచి సికింద్రాబాద్‌కు ఆరు గంటలు పైనే పడుతుంది, అదీ పగటిపూట. రాజోలు, మలికిపురం వైపు వారైతే చించినాడ వంతెన దాటి పాలకొల్లులో నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కడం మేలు. రాత్రి ఎలాగూ నిద్రపోవాలి కదా! టోక్యో–ఒసాకా మధ్య 500 కిలోమీటర్లకు పైగా దూరాన్ని రెండున్నర గంటల్లో దాటించే బుల్లెట్ రైలు మనకు వస్తే అప్పుడు లెక్క మారుతుంది. విశాఖ, విజయవాడలకైతే ఆలోచనే వద్దు, రైలే.