మన ఎండల్లో కంప్యూటర్ లిక్విడ్ కూలర్: పంప్ స్పీడ్ ఎంత పెట్టాలి?

లిక్విడ్ కూలర్ పెట్టించుకున్నవాళ్లు ఫ్యాన్ల గురించి గంటలు గంటలు మాట్లాడతారు గానీ పంప్‌ని అసలు పట్టించుకోరు, లేదా దాన్ని కూడా ఫ్యాన్ లాగే సెట్ చేస్తారు. నేను చెప్పేది ఒకటే. పంప్‌ని ఒక స్పీడ్ దగ్గర పెట్టి వదిలేయండి, పెరగడం తగ్గడం ఫ్యాన్లకు అప్పజెప్పండి. కూలర్‌లో పంప్ తిప్పే ద్రవం నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది, ప్రాసెసర్ మాత్రం బ్రౌజర్ తెరిస్తే చాలు ఒక్కసారిగా 10 డిగ్రీలు ఎగిరి మళ్లీ కిందికి వస్తుంది. పంప్‌ని ఆ టెంపరేచర్‌కి ముడిపెడితే రోజంతా గుయ్యిమంటూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మోత మిగులుతుంది, అంతే.

ముందు వైర్ సంగతి

కరెంటు ప్లగ్ పీకేసి, క్యాబినెట్ పక్క డోర్ తీసి, పంప్ నుంచి వచ్చే వైర్ ఎక్కడికి పోతోందో చూడండి. మదర్‌బోర్డు మీద ఏఐఓ పంప్ అనో పంప్ ఫ్యాన్ అనో రాసి ఉన్న పిన్నులకు అది రావాలి. రేడియేటర్ (ద్రవం చల్లారే రెక్కల పలక) ఫ్యాన్లు సీపీయూ ఫ్యాన్ అని ఉన్న చోటికి. ఆ చోటు ఖాళీగా వదిలేస్తే చాలా బోర్డులు ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ చూపించి ఆగిపోతాయి.

4 పిన్నుల వైర్ అయితే పీడబ్ల్యూఎం, అంటే బోర్డు సిగ్నల్ పంపి స్పీడ్ మారుస్తుంది. 3 పిన్నులయితే వోల్టేజీ తగ్గించి మార్చాలి, దాన్నే బయాస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల స్క్రీన్) డీసీ మోడ్ అంటారు. ఇంకో రకం ఉంది: పవర్ సాటా ప్లగ్ ద్వారా నేరుగా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి తీసుకుని, యూఎస్‌బీ వైర్ ద్వారా కంపెనీ సాఫ్ట్‌వేర్ మాట వింటుంది. దీంట్లో బోర్డుకి వచ్చే సన్న వైర్ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) ఎంతో చెప్పడానికి మాత్రమే. "ఏందబ్బా ఇది, బయాస్‌లో ఎంత మార్చినా నంబర్ కదలడం లేదు" అనేవాళ్లలో చాలామందిది ఈ కేసే. అలాంటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే మార్చుకోవాలి.

బయాస్‌లో

ఆన్ చేస్తూ డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కండి. ఆసుస్‌లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్‌ఐలో హార్డ్‌వేర్ మానిటర్ అని ఉంటుంది, పేర్లు వేరయినా పని ఒకటే. పంప్ ఉన్న హెడర్ (వైర్ గుచ్చిన పిన్నుల చోటు) ఎంచుకుని 4 పిన్నులకు పీడబ్ల్యూఎం, 3 పిన్నులకు డీసీ పెట్టండి. 3 పిన్ పంప్‌ని పీడబ్ల్యూఎంలో వదిలేస్తే అది ఎప్పుడూ 12 వోల్టులతో ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది. ఆ తర్వాత ఏ టెంపరేచర్‌కి ఎంత స్పీడో చూపే గ్రాఫ్‌లో చుక్కలన్నీ ఒకే ఎత్తుకు లాగి గీతని అడ్డంగా చేసేయండి.

ఎంత ఎత్తు అంటే, మొదట 100 శాతం పెట్టి సేవ్ చేయండి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో పంప్ ఆర్‌పీఎం, ప్రాసెసర్ టెంపరేచర్ కనిపిస్తాయి. ప్రాసెసర్‌కి ఫుల్ పని పెట్టే టెస్ట్ ప్రోగ్రామ్ సినీబెంచ్‌ని 20 నిమిషాలు ఆపకుండా నడపండి, రెండు నిమిషాలకే ఆపేస్తే ద్రవం ఇంకా వేడెక్కదు కాబట్టి ఆ లెక్క చెల్లదు. టెంపరేచర్ రాసుకుని, పంప్‌ని 80కి దించి మళ్లీ, 70కి దించి మళ్లీ, అదే గదిలో దాదాపు అదే టైంలో చూడండి. తేడా ఒకటి రెండు డిగ్రీలే అయితే తక్కువ స్పీడే హాయి, చెవులకు సుఖం. నేనయితే 60 కిందికి పోను. 3 పిన్ పంప్ అయితే 100 దగ్గరే ఉంచేయండి, వోల్టేజీ మరీ తగ్గితే ఒక్కోసారి అసలు స్టార్ట్ అవ్వదు.

రోహిణి కార్తె లెక్క వేరు

ఈ టెస్ట్ డిసెంబర్‌లో చేసి ఓకే అనుకుంటే కుదరదు. నెల్లూరు, ఒంగోలులో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 38 డిగ్రీలు ఉంటుంది, కూలర్‌లోని ద్రవం గది వేడి కంటే చల్లగా ఎప్పటికీ అవ్వదు. చలికాలంలో 26 డిగ్రీల గదిలో 70 చూపించిన ప్రాసెసర్ అప్పుడు 82 దగ్గర తేలుతుంది. టెన్షన్ పడి పంప్ ఎంత పెంచినా ఆ 12 డిగ్రీలు తగ్గవు. గాలి ఆడేలా క్యాబినెట్‌ని గోడకు దూరం జరపడం, రేడియేటర్ దుమ్ము దులపడం అంతకంటే బాగా పని చేస్తాయి. చీమకుర్తి వైపు వాళ్లకు గ్రానైట్ దుమ్ము గురించి నేను చెప్పాలా? మెత్తటి బ్రష్‌తో నెలకోసారైనా రెక్కల మధ్య తుడవండి, బ్లోవర్ వాడితే ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

ఫ్యాన్లకు మాత్రం ఎక్కే గీతే పెట్టండి. కూలర్ ద్రవం టెంపరేచర్ చూపిస్తే దానికి కట్టండి, లేకపోతే ప్రాసెసర్‌కి కట్టి స్టెప్ అప్ టైం (స్పీడ్ పెరగడానికి తీసుకునే టైం) కొన్ని సెకన్లు పెంచండి.

గుడగుడమని శబ్దం వస్తుంటే లోపల గాలి ఉన్నట్టు, దానికి స్పీడ్ మందు కాదు. రేడియేటర్ పై అంచు పంప్ కంటే ఎత్తులో ఉందో లేదో చూడండి. కరెంటు పోయి వచ్చాక సెట్టింగులన్నీ మొదటికొస్తుంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. ఏ పనీ చేయకుండానే ప్రాసెసర్ 90 దాటుతూ, రేడియేటర్ ముట్టుకుంటే చల్లగా ఉంటే పంప్ తిరగడం లేదు. వెంటనే ఆపేసి వైర్ చూడండి, వైర్ బాగానే ఉంటే వారంటీ కాగితం వెతుక్కోండి.