పై చదువుకు దారితీసే దిగువ స్థాయి వృత్తివిద్యా అర్హతలను నియంత్రించే విధానం

ఇటువంటి అర్హతకు, అంటే వృత్తివిద్యా కోర్సు పూర్తిచేసినవారికి ఇచ్చే ధ్రువపత్రానికి, గుర్తింపు ఇచ్చే ముందు, దానిని పొందిన విద్యార్థి తరువాత ఏ కోర్సులో చేరగలడో నియంత్రణ సంస్థ తేల్చుకోవాలి. "పై చదువులకు ఉపకరిస్తుంది" అనే పొడిమాటతో సరిపెట్టుకోకుండా, ఆ కోర్సుల ప్రవేశ నిబంధనలను, వాటిని బోధించే సంస్థల లిఖితపూర్వక సమ్మతిని దరఖాస్తుతోపాటే కోరాలి. అర్హత స్థాయిని కోర్సు నిడివినిబట్టి కాక అభ్యసన ఫలితాలనుబట్టి, అంటే చదువు ముగిసేసరికి విద్యార్థికి ఏం తెలుసు, ఏం చేయగలడు అన్నదానినిబట్టి, నిర్ణయించాలి. ఐరోపా దేశాల అర్హతలను ఒకదానితో ఒకటి పోల్చడానికి 2008లో ఏర్పడిన యూరోపియన్ అర్హతల చట్రంలోని 8 స్థాయిలకు ఆధారం అదే.

అసలు చిక్కు మూల్యాంకనంలో ఉంది. ఈ స్థాయిలో మార్కులు చాలావరకు బోధించిన ఉపాధ్యాయులే వేస్తారు కనుక, ఉత్తీర్ణతా శాతం పెంచాలన్న ఒత్తిడి వారిపై సహజంగానే ఉంటుంది. అందువల్ల ఫలితాలు ప్రకటించకముందే, ప్రతి బోధనా కేంద్రం నుంచి అన్ని మార్కుల శ్రేణులకు చెందిన విద్యార్థుల పనుల నమూనాలను, ముఖ్యంగా ఉత్తీర్ణతా రేఖకు కాస్త అటూ ఇటూ ఉన్నవాటిని, బయటి పరిశీలకుల చేత మళ్లీ దిద్దించాలి. అందరూ ఉత్తీర్ణులైన కేంద్రాన్ని అభినందించే ముందు ఒకసారి తనిఖీ చేయడం మేలు. అలాగని మొత్తాన్ని రాతపరీక్షగా మార్చేస్తే చేతిపని నైపుణ్యం కొలతకు అందకుండా పోతుంది. తరువాతి కోర్సుకు అవసరమైన భాషా, గణిత సామర్థ్యాలను మాత్రం విడిగా పరీక్షించవచ్చు.

గుర్తింపుకు కాలపరిమితి ఉండాలి. పునరుద్ధరణ సమయంలో ఎందరు పై కోర్సులో చేరారన్నదే కాక, ఎందరు దానిని పూర్తిచేశారన్నదీ చూడాలి. గుర్తింపు రద్దుచేస్తే, అప్పటికే చేరినవారు చదువు ముగించుకునే గడువును ఉత్తర్వులోనే పేర్కొనాలి.