ఫర్నేస్ వేడి ఇవ్వకపోతే: ఎక్కడ ఆగిందో వినండి

మిషిగన్, ఒహాయో, మిన్నెసోటా వంటి చోట్ల ఉంటున్న మన కుటుంబాలకు జనవరి రాత్రి ఇల్లంతా వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ ఆగిపోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. చలి ఒక్కటే కాదు, గోడల్లోని నీటి గొట్టాలు గడ్డకట్టి పగిలిపోయే ప్రమాదం కూడా ఉంది. అయితే మెకానిక్ వచ్చేలోగా మనం చూసుకోగలిగినవి చాలా ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు ప్రాణం. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే గ్యాస్ లీకవుతోందన్నమాట, లైటు వేయవద్దు, వెలుగుతున్నది ఆర్పవద్దు. అందరూ బయటికి వెళ్లి, అక్కడి నుంచి 911కు గానీ గ్యాస్ సంస్థకు గానీ ఫోను చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా అంతే. ఆ విషవాయువుకు రంగు, వాసన ఉండవు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలై, బయటికి వెళ్తే తగ్గుతుంటే దాన్ని అనుమానించాలి.

ఇక ఫర్నేస్ సంగతి. అది ఎప్పుడూ ఒకే వరసలో పని చేస్తుంది. గోడ మీద ఉండి గది వేడిని చూసుకునే థర్మోస్టాట్ వేడి అడగగానే ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాను తిరిగి పొగను బయటికి లాగడం మొదలుపెడుతుంది. ఆ లాగుడు సరిగా ఉందని ప్రెషర్ స్విచ్ గుర్తించాక ఇగ్నైటర్ నిప్పుకణికలా ఎర్రబడుతుంది. గ్యాస్ వాల్వు టక్కుమని తెరుచుకుని బర్నర్లు అంటుకుంటాయి. మంట ఉందని ఫ్లేమ్ సెన్సర్ చెప్పిన తరువాత, కాసేపాగి, పెద్ద బ్లోయర్ వేడిగాలిని గదుల్లోకి తోస్తుంది. ఏ మెట్టు దగ్గర ఆగిందో చెవిపెట్టి వింటే సగం జబ్బు దొరికినట్టే.

అసలు చప్పుడే లేదు

కరెంటు అందడం లేదన్నమాట. థర్మోస్టాట్ బ్యాటరీలు మార్చండి, అది హీట్‌లో ఉందో లేదో, బ్రేకర్ పడిపోయిందేమో చూడండి. ఫర్నేస్ దగ్గర అచ్చం లైటు స్విచ్‌లాంటిది మరొకటి ఉంటుంది. ఒకసారి బొమ్మల కొలువు పెట్టెలు బేస్‌మెంట్‌లో సర్దివస్తూ మా అత్తయ్యగారు దాన్ని లైటు అనుకుని ఆర్పేశారు. రెండు గంటలు వెతికాక గానీ మాకు తెలియలేదు. ఇప్పుడు దాని మీద తెలుగులో చీటీ అంటించి ఉంది. ఫిల్టర్ మార్చిన తరువాత తలుపు సరిగా బిగియకపోయినా లోపలి భద్రతా స్విచ్ ఫర్నేస్‌ను నడవనివ్వదు.

గాలి వస్తోంది గానీ చల్లగా

థర్మోస్టాట్‌లో ఫ్యాను 'ఆన్'లో ఉంటే 'ఆటో'కు మార్చండి. 'ఆన్'లో ఉన్నప్పుడు మంట లేకపోయినా బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది.

కాసేపు వేడిగా, కాసేపు చల్లగా వస్తుంటే ముందు ఫిల్టర్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. వెలుగు కనిపించకపోతే మార్చాల్సిందే. గాలి ఆడక లోపల వేడి పెరిగిపోతుంది, లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది, బ్లోయర్ మాత్రం తిరుగుతుంది. మన తాలింపులు, వేపుళ్ల జిడ్డు దుమ్ముతో కలిసి ఫిల్టర్‌కు పడుతుంది కాబట్టి అంగుళం మందం ఫిల్టర్‌ను చలికాలంలో నెలకోసారి చూడాలి. కొత్తది పెట్టేటప్పుడు దాని మీది బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి. గ్యాస్ ఆదా అవుతుందని వాడని గదుల్లో గాలి జాలీలన్నీ మూసేసినా ఇదే ఇబ్బంది వస్తుంది.

మంట అంటుకుని కొన్ని సెకన్లకే ఆరిపోతోంది

రెండు మూడుసార్లు ప్రయత్నించి ఫర్నేస్ మొండికేస్తుంది. చాలావరకు ఇది ఫ్లేమ్ సెన్సర్ పనే. పెన్సిల్ ముల్లు కన్నా కాస్త లావుగా ఉండే లోహపు పుల్ల అది, మంటలోకి చాచుకుని ఉంటుంది. మంట గుండా పారే అతి స్వల్పమైన కరెంటును బట్టి, ఫర్నేస్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు మంట ఉందని గ్రహిస్తుంది. పుల్లకు తెల్లటి పొర పట్టిందంటే ఆ కరెంటు అందదు. ఎదురుగా మంట మండుతున్నా, లేదనుకుని బోర్డు గ్యాస్ కట్టేస్తుంది.

కరెంటు ఆపి, గ్యాస్ పిడిని గొట్టానికి అడ్డంగా తిప్పండి. సెన్సర్‌ను పట్టి ఉంచేది సాధారణంగా ఒక్క మరే. దాన్ని విప్పి పుల్లను బయటికి తీసి, సన్నని స్టీల్ ఉన్నితో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి తిరిగి బిగించండి. గరుకు ఉప్పుకాగితం వద్దు, గీతలు పడతాయి. ఇగ్నైటర్‌కు మాత్రం చెయ్యి తగలనివ్వకండి. చేతి గాజులాగే అది కాస్త తగిలినా విరుగుతుంది.

చిన్న ఫ్యాను తిరుగుతోంది, ఇగ్నైటర్ ఎర్రబడటం లేదు

పొగ బయటికి ప్లాస్టిక్ గొట్టంలో పోయే ఫర్నేస్ అయితే, కోటు వేసుకుని బయటికి వెళ్లి గోడ దగ్గర ఆ గొట్టాల మూతులు చూడండి. గాలి ఈడ్చిన మంచు వాటిని కప్పేస్తే ప్రెషర్ స్విచ్ ముందుకు పోనివ్వదు. మంచును చేత్తో తీయండి, సుత్తితో కొట్టవద్దు. చలికి బిరుసెక్కిన గొట్టం పగులుతుంది. లోపల నీరు పోయే సన్నని ట్యూబులో పాచి అడ్డుపడినా ఇంతే. ఈ రెండూ బాగుంటే ఇగ్నైటరో ప్రెషర్ స్విచ్చో పోయి ఉండాలి, ఆ పని మెకానిక్‌ది.

కరెంటు ఆపే ముందు ఒక పని చేయండి. చాలా ఫర్నేస్‌లలో బోర్డు మీది చిన్న దీపం మిణుకుతుంది, తలుపుకున్న చిన్న అద్దంలోంచి అది కనిపిస్తుంది. ఎన్నిసార్లో లెక్కపెట్టి రాసుకోండి. దాని అర్థం చెప్పే పట్టిక తలుపు లోపలి వైపు అంటించి ఉంటుంది. ఆ లెక్క ఫోనులో చెబితే మెకానిక్ సరైన భాగం వెంట తెచ్చుకోగలరు.

మంట నీలంగా కాక పసుపుగా ఊగుతున్నా, మసి కనిపించినా ఫర్నేస్ ఆపేసి మెకానిక్‌ను పిలవండి. ఆయన వచ్చేలోగా సింకు కింది అలమర తలుపులు తెరిచి, కుళాయిని సన్నటి ధారగా వదలండి, గొట్టాలు గడ్డకట్టకుండా ఉంటాయి. చలికి ఓర్చుకోలేక గ్యాస్ పొయ్యి వెలిగించి వంటగదిలో కూర్చోవద్దు, బొగ్గుల కుంపటి లోపలికి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్ వాటి నుంచీ వస్తుంది.