అరిగిన మెట్టును 24 పిక్సెళ్లలో గీయడం ఎలా?

ఐకాన్‌లో, అంటే చిన్న గుర్తు బొమ్మలో, వస్తువు పాతబడిందని చూపాలంటే చాలామంది దాని మీద పగుళ్లు గీసేస్తారు. పగులు దెబ్బకు వస్తుంది, అరుగుదల రాపిడికి వస్తుంది. ఐకాన్‌లో పగులు కనబడితే చూసేవాళ్లు 'విరిగింది' అనుకుంటారు.

అందుకే ముందు రాపిడి ఎక్కడ పడుతోందో చూడండి. తిరుపతిలో దీనికి వెతుక్కోనక్కర్లేదు. పాత గుడి రాతిమెట్టు నడిమధ్యన గుంత పడుతుంది, అందరి అడుగూ అక్కడే కాబట్టి. పక్కన కమ్మీ ఉంటే గుంత అటు జరుగుతుంది. మూలలు మాత్రం పెద్దగా అరగవు. అలిపిరి మెట్లకు భక్తులు పెట్టే పసుపు కుంకుమ మరకే తప్ప అరుగుదల కాదు, దాన్ని బొమ్మలోకి తేవద్దు.

1. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో 24 × 24 పిక్సెళ్ల పేజీ తెరిచి గ్రిడ్ వేసుకోండి.

2. 20 వెడల్పు, 10 ఎత్తుతో దీర్ఘచతురస్రం గీయండి. గీత మందం 2. ఇది కొత్త మెట్టు.

3. దాన్ని కాపీ చేసి, పై అంచు మధ్యలో 12 వెడల్పు, 4 ఎత్తు ఉన్న దీర్ఘవృత్తం పెట్టండి, సగం లోపల, సగం బయట. రెండింటినీ ఎంచుకుని పాత్ మెనూలో డిఫరెన్స్ నొక్కితే 2 పిక్సెళ్ల గుంత పడుతుంది. దీర్ఘవృత్తం పైపొరలో ఉండాలి. కిందికి పోయిందా, మెట్టు మాయమై కోడిగుడ్డు ముక్క మిగులుతుంది!

4. బాగా అరిగిన మెట్టుకు దీర్ఘవృత్తం 16 వెడల్పు, 8 ఎత్తు. లోతు 4.

ఒక్కో పిక్సెల్ చొప్పున ఐదారు దశలు చూపాలనిపిస్తుంది. కానీ ఐకాన్‌ను 16 పిక్సెళ్లకు కుదిస్తే ఆ ఒక్క పిక్సెల్ 0.67 అయి మసకబారుతుంది. మూడు దశలు చాలు. కిందిగీత మూడింట్లోనూ ఒకే చోట ఉండాలి, లేకపోతే అరిగినట్టు కాక మెట్టే చిన్నదైనట్టు కనిపిస్తుంది.

హవాయి చెప్పుకైతే పక్కనుంచి చూసిన బొమ్మ గీసి, మడమ దగ్గర అట్టను ఏటవాలుగా కోయండి. శ్రీకాళహస్తి కలంకారి గుడ్డ వెలిసిపోతే ఆకారం మారదు కాబట్టి లోపలి గీతల సంఖ్యను 4 నుంచి 2కు, తర్వాత 1కి తగ్గించండి. రంగు మార్పునే నమ్ముకుంటే నలుపు తెలుపు జిరాక్స్‌లో తేడా పోతుంది.

చివరగా మెట్టు మూడు దశల బొమ్మల్నీ ప్రింటు తీసి కలిపేసి, ఈ పనితో సంబంధం లేనివాళ్లకు ఇచ్చి "కొత్తదాని నుంచి పాతదాని వరకు వరుసగా పెట్టండి" అని అడగండి. తడబాటు రెండు, మూడు దశల మధ్య రావచ్చు. అప్పుడు కొత్త గీతలు చేర్చకండి, మూడోదాని గుంతనే ఇంకో పిక్సెల్ దించండి.